బరంపురం నుంచి విదేశీ మహానగరానికి: కోర్సు ఎలా ఎంచుకోవాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో విదేశీ చదువు అనగానే మొదట వచ్చే ప్రశ్న "ఏ దేశం?" రెండోది "అక్కడ మనవాళ్లు ఎవరున్నారు?" ఏం చదవాలన్నది ఆ తర్వాతెప్పుడో గుర్తొస్తుంది. ఈ వరుసను తిరగేయండి. లండన్‌లాంటి ఊళ్లో యూనివర్సిటీలు బోలెడు, కోర్సులు వందలు, పేర్లన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఊరు ముందు ఖాయం చేసుకుని కోర్సు కోసం వెతికితే, చివరికి సీటిచ్చిందే మన కోర్సు అవుతుంది.

మీ చేతిలో ఉన్న సర్టిఫికెట్‌తో మొదలుపెట్టండి

ఒడిశాలో చదివినవాళ్లది ప్లస్ టూ, ఆపైన మూడేళ్ల ప్లస్ త్రీ. బ్రిటన్‌లో మాస్టర్స్‌కు మూడేళ్ల డిగ్రీని చాలాచోట్ల తీసుకుంటారు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీ కావాలంటాయి కాబట్టి, బీకాం, బీఎస్సీ వాళ్లు ముందు ఆ ఒక్క షరతు చూసుకుంటే సగం లిస్టు అక్కడే తేలిపోతుంది. జర్మనీ ఆలోచన ఉంటే ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు సరైనవేనని తేల్చే ధ్రువపత్రం) తప్పనిసరి, దానికి సమయం పడుతుంది.

ఇంగ్లీషు సంగతి. కొన్ని యూనివర్సిటీలు ప్లస్ టూ ఇంగ్లీషు మార్కులు చూసి ఐఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షను మినహాయిస్తాయి. కానీ ఏ బోర్డులో ఎన్ని మార్కులు రావాలో ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. సీబీఎస్ఈ పేరుంది కదా అని సీహెచ్ఎస్ఈ (ఒడిశా ప్లస్ టూ బోర్డు) వాళ్లు ధైర్యం చేయకండి, మీ బోర్డు పేరు ఆ యూనివర్సిటీ పట్టికలో కంటితో చూడండి. ఐఎల్టీఎస్ రాస్తే స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.

కోర్సు పేరు పక్కన పెట్టి సబ్జెక్టులు చదవండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే, అయినా చాలామంది పది నిమిషాలు కూడా పెట్టరు. ప్రతి కోర్సు పేజీలో మాడ్యూల్స్ అని ఒక భాగం ఉంటుంది. అందులో కోర్ అంటే అందరూ చదవాల్సినవి, ఆప్షనల్ అంటే ఎంచుకునేవి. ఆకర్షణీయంగా కనిపించే సబ్జెక్టు ఆప్షనల్‌లో ఉంటే, అది ఈ ఏడాది నడుస్తుందా అని మెయిల్ పెట్టి అడగండి. తగినంత మంది చేరకపోతే తీసేయొచ్చని అదే పేజీలో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

డేటా సైన్స్‌నే తీసుకోండి. ఒకచోట దాన్ని కంప్యూటర్ విభాగం చెబుతుంది: ప్రోగ్రామింగ్, మెషీన్ లెర్నింగ్, గణితం గట్టిగా ఉంటాయి. మరోచోట బిజినెస్ స్కూల్ చెబుతుంది: రిపోర్టులు, మార్కెటింగ్ లెక్కలు, మేనేజ్‌మెంట్. పేరులో పెద్ద తేడా ఉండదు, ఫీజు కూడా దగ్గరదగ్గరే ఉండొచ్చు. ప్లస్ టూతోనే లెక్కలు వదిలేసిన కామర్స్ విద్యార్థి మొదటి దాంట్లో చేరితే మొదటి నెలలోనే టెన్షన్. నాలుగేళ్లు కోడ్ రాసిన బీటెక్ కుర్రాడు రెండో దాంట్లో చేరితే తెలిసిందే మళ్లీ వింటూ కూర్చోవాలి. ఒక కాగితం మీద ఎడమవైపు మీరు డిగ్రీలో చదివినవి, కుడివైపు ఆ కోర్సు కోర్ సబ్జెక్టులు రాయండి. కుడివైపంతా పాతదే అయినా, అంతా కొత్తదే అయినా, ఇంకో కోర్సు చూడండి.

మార్కులు ఎలా వేస్తారో కూడా అక్కడే ఉంటుంది. పరీక్షలా, అసైన్‌మెంట్లా, గ్రూప్ ప్రాజెక్టులా? మనకు పరీక్ష రాయడం అలవాటు. నాలుగువేల పదాల వ్యాసం సొంతంగా రాయమంటే చాలామందికి చెయ్యి ఆడదు. అది నేర్చుకోలేనిదేమీ కాదు, తెలిసి వెళ్లాలంతే.

చదువయ్యాక ఆ డిగ్రీతో ఏం చేయనిస్తారు?

అమెరికాలో ప్రతి కోర్సుకూ అది ఏ సబ్జెక్టు కిందికి వస్తుందో చెప్పే సీఐపీ కోడ్ ఒకటుంటుంది, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద అచ్చవుతుంది. మామూలు డిగ్రీకి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేయనిచ్చే అనుమతి, 12 నెలలు. కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఒకే రకం మేనేజ్‌మెంట్ కోర్సుకు ఒక యూనివర్సిటీ స్టెమ్ కోడ్ పెడుతుంది, పక్కది పెట్టదు. బ్రిటన్‌లో మాస్టర్స్ తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. ఆస్ట్రేలియా కోర్సు అయితే క్రైకోస్ కోడ్ (విదేశీ విద్యార్థులు చేరదగ్గ కోర్సుల ప్రభుత్వ జాబితాలోది) ఉందో లేదో చూడండి, అది లేని కోర్సుకు స్టూడెంట్ వీసా రాదు.

బీఫార్మసీ పిల్లలకు ప్రత్యేకంగా ఓ మాట. బ్రిటన్‌లో ఫార్మస్యూటికల్ సైన్సెస్ ఎమ్మెస్సీ చేసినంత మాత్రాన అక్కడ ఫార్మసిస్టు కాలేరు. దానికి ఓస్పాప్ అనే వేరే కోర్సు, తర్వాత ఏడాది శిక్షణ, ఆపైన రిజిస్ట్రేషన్ పరీక్ష. విదేశంలో ఎంబీబీఎస్ చేసి ఇక్కడ ప్రాక్టీస్ చేయాలంటే నీట్ అర్హత ఉండాలి, కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంటర్న్‌షిప్ 12 నెలలు అదే సంస్థలో చేయాలి. నర్సింగ్, లా, టీచింగ్ ఏదైనా సరే, లైసెన్సు ఇచ్చే సంస్థ నిబంధన చదివాకే కోర్సు.

నగరం ఖర్చు

పెద్ద ఊరికి పెద్ద ఖర్చన్నది అందరికీ తెలిసిందే. ఎంత తేడానో చూడండి. బ్రిటన్ వీసాకు కోర్సు ఫీజు కాక జీవన ఖర్చు చూపించాలి: 2025 నవంబరు నుంచి లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171 పౌండ్లు, గరిష్ఠంగా తొమ్మిది నెలలకు. అంటే లండన్‌కు 13,761 పౌండ్లు, బయటి ఊరికి 10,539. ఆ సొమ్ము ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి, మధ్యలో ఒక్కరోజు తగ్గినా పనికిరాదు. అక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టే హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు వేరే.

లండన్ వద్దని కాదు. ఫైనాన్స్, మీడియా, లా లాంటివాటికి కంపెనీలు అక్కడే ఉన్నాయి కాబట్టి ఆ తేడా పెట్టొచ్చు. మెరైన్ సైన్స్‌కో వ్యవసాయానికో లండన్ అద్దె కట్టడం నాకైతే అర్థం కాదు. గోపాల్‌పూర్ సముద్రం చూసి ఆ చదువు మీద ఇష్టం పెంచుకున్న పిల్లకు తీరప్రాంతపు యూనివర్సిటీయే మేలు.

క్లాసులు ఏ క్యాంపస్‌లో అన్నది తప్పక అడగండి. వేరే ఊళ్ల యూనివర్సిటీలు లండన్‌లో చిన్న క్యాంపస్‌లు నడుపుతాయి. పెద్ద లైబ్రరీ, ల్యాబులు అసలు ఊళ్లో, మీరు మాత్రం ఒక ఆఫీసు భవనంలో రెండు అంతస్తుల్లో.

లోన్ తీసుకునేవాళ్లు సీటు వచ్చేదాకా ఆగకుండా బ్యాంకుకు వెళ్లండి. ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతారు. రాయగడ, కోరాపుట్ గిరిజన భూములకు ప్రత్యేక నియమాలున్న షెడ్యూల్డు ప్రాంతాలు, అక్కడి భూమి కాగితాలకు లీగల్ పరిశీలన ఎన్నాళ్లు పడుతుందో మేనేజర్నే అడగండి.

కాగితాలపై పేరు

మన పేరో ఇంటిపేరో పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉండటం ఈ జిల్లాల్లో మామూలే. వెంకటరావు ఒడియా రికార్డులో బెంకటరావు అయి ఉంటాడు. దరఖాస్తు పెట్టకముందే సరిచేయించండి.

ఎవర్ని అడగాలి?

విశాఖ, భువనేశ్వర్ కన్సల్టెన్సీల్లో చాలావాటికి యూనివర్సిటీలే కమీషన్ ఇస్తాయి. అందుకని వాళ్లు చెప్పేదంతా అబద్ధమని కాదు. కమీషన్ రాని కోర్సు గురించి మాత్రం వాళ్ల నోట వినడం కష్టం. మెల్‌బోర్న్‌లో ఉన్న బావ అద్దెల గురించి బాగా చెబుతాడు, మీ సబ్జెక్టు గురించి చెప్పలేడు. అదే కోర్సు పోయినేడాది చదివిన ఒకరిద్దర్ని లింక్డ్‌ఇన్‌లో పట్టుకుని వారానికి ఎన్ని గంటల క్లాసు, ప్రాజెక్టుకు గైడ్ ఎంత దొరికాడు, తోటివాళ్లకు ఏ ఉద్యోగాలు వచ్చాయి అని అడగండి.

డిపాజిట్ కట్టమని మెయిల్ వచ్చాక, వీసా రాకపోతే ఆ డబ్బులో ఎంత వెనక్కి ఇస్తారో రీఫండ్ పేజీ చదివి, ఆ పేజీని సేవ్ చేసుకున్నాకే బ్యాంకుకు వెళ్లండి.