మాత్ర కోసం వెళ్తే షుగర్ బయటపడింది

నాకు 46 ఏళ్లు. ఆర్నెల్లుగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు. ఏదో టెన్షన్ అనుకుని సరిపెట్టుకున్నాను. మా ఆవిడ నిద్రపోయేదాకా ఫోన్ చూస్తూ కూర్చోవడం... అదో నాటకం.

చివరికి డాక్టర్ దగ్గరికెళ్తే మొదట అడిగింది ఇదే: "తెల్లవారుజామున గట్టిపడుతోందా?" లేదన్నాను. నిద్రలో కూడా రాకపోతే మనసు కంటే ఒంట్లోనే కారణం ఉండే అవకాశం ఎక్కువట. రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) 8.4. షుగర్ ఉన్నట్టు నాకే తెలీదు! అంగానికి వెళ్లే రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి, అందుకే దెబ్బ ముందు అక్కడ కనబడొచ్చని ఈసీజీ కూడా తీయించారు.

అంగస్తంభనకు సిల్డెనాఫిల్ అనే మాత్ర, 50 మి.గ్రా. రాశారు. మొదటిసారి కడుపునిండా తిని వేసుకున్నాను, ఏమీ కాలేదు. తప్పు నాదే. భారీ భోజనం చేయకుండా, గంట ముందు వేసుకోవాలి. పైగా కోరిక కలగకపోతే మాత్ర ఒక్కటే ఏమీ చేయలేదు. ఛాతీనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లు మాత్రం దీన్ని ముట్టకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

షుగర్ మందులు, రోజూ నడక, సిగరెట్ బంద్. నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ 6.8కి దిగింది. ఇప్పుడు ఆ మాత్ర ఎప్పుడో గానీ అవసరం పడట్లేదు.

అన్నిటికంటే కష్టమైంది ఆవిడకు చెప్పడమే. "నామీద ఇష్టం పోయిందనుకున్నా" అంది.