ఫొటో కంటే ముందు కథ తీసుకోండి: రైలు ఫొటోలు పోగుచేసేవారికి

గద్వాలలో ఒక రిటైర్డ్ కీమన్ (రోజూ పట్టాల వెంట నడిచి వాటిని చూసుకునే రైల్వే ఉద్యోగి) బిస్కెట్ డబ్బా మూత తీసి, నలభై ఫొటోలు నా ముందు పోశారు. ఎగిరి గంతేసినంత పనిచేసి మహబూబ్‌నగర్‌కు పట్టుకొచ్చాను, స్కాన్ చేశాను. వివరాలు పండగ తర్వాత అడగవచ్చులే అనుకున్నాను. పండగ వెళ్ళేసరికి ఆయన లేరు. వాటిలో పదకొండు ఫొటోలకు ఊరి పేరు దొరకలేదు.

అందుకే, ఇంటర్నెట్‌లో రైలు ఫొటోల భాండారం పెడతామంటూ సలహా అడిగేవారికి స్కానర్ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఫోనులో రికార్డింగ్ పెట్టి, ఫొటో ఇచ్చేవారిని మాట్లాడించండి. "ఇది ఏ సంవత్సరం?" అని అడిగితే తల గోక్కుంటారు. "కృష్ణా పుష్కరాలకు ముందా, తర్వాతా?" అని అడగండి. 1980, 1992, 2004, 2016 అని నాలుగు మేకులు కొట్టినట్టు దొరుకుతాయి. అలంపూర్ వైపు వారికైతే 2009 వరద ఐదో మేకు. పెద్దమ్మాయి పెళ్లి కూడా పనికొస్తుంది, కాకపోతే ఆ తేదీ ఇంట్లోని ఆడవారినే అడగాలి.

మనుషులు చెప్పలేనిది ఫొటో చెబుతుంది. మా సికింద్రాబాద్–ద్రోణాచలం మార్గం నిజాం కాలంనాటి మీటరు గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం ఒక్క మీటరే. 1990లలో అంతకంటే వెడల్పైన బ్రాడ్ గేజి అయింది. కాబట్టి మహబూబ్‌నగర్ ప్లాట్‌ఫారం పక్కన ఇరుకు పట్టాలు కనిపిస్తే సగం తేదీ తేలినట్టే. రైలు పలక మీద నాలుగంకెల నంబరుంటే 2010 డిసెంబరు 20కి ముందుది, ఆ రోజునుంచి ఐదంకెలు వచ్చాయి. బ్రాడ్ గేజి పెట్టె నంబరులో మొదటి రెండంకెలు అది తయారైన సంవత్సరం. 97 అని ఉంటే ఆ ఫొటో అంతకు ముందుది కాదు.

ఇవి తెలిస్తే మోసపోము. ఒకాయన "1970, నల్గొండ స్టేషన్" అని రాసి పంపారు. నల్గొండ మీదుగా వెళ్లే బీబీనగర్–నడికుడి మార్గం అప్పటికి పుట్టనే లేదు! ఇంకో ఉదాహరణ చెబుతాను. 1956 సెప్టెంబరులో జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు, అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు రైలు ప్రమాదం తర్వాతే ఒప్పుకున్నారు. ఆ మహబూబ్‌నగర్ ప్రమాదమంటూ ఏవేవో ఫొటోలు నాకు వస్తుంటాయి. నేను చేసేది ఒక్కటే, పట్టాల మధ్య వెడల్పు చూస్తాను. బ్రాడ్ గేజి అయితే మనది కాదు, పక్కన పెట్టేస్తాను.

ఇక స్కానింగ్. కాగితం ఫొటోకు అంగుళానికి 600 చుక్కలు చాలు, ఫిల్మ్‌కు 2400కు తగ్గించకండి. అసలు ప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచి, చూపించడానికి చిన్న జేపెగ్ ఫైలు తీయండి. వెలిసిన రంగులు సరిచేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆ దురద జేపెగ్ మీద తీర్చుకోండి, అసలు జోలికి పోకండి. వెనుక వైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్రో, పెన్సిలు రాతో ఉంటుంది. ఫోనులో తీసినవైతే వాట్సాప్‌లో మామూలుగా పంపవద్దని, డాక్యుమెంటుగా పంపమని చెప్పండి. లేకపోతే బొమ్మ కుదించుకుపోవడమే కాక, లోపల దాగిన తేదీ కూడా పోతుంది. ఫైలు పేరులో సంవత్సరం, నెల, రోజు, ఆ తర్వాత స్టేషన్ కోడు రాయండి. తెలియని రోజుకు సున్నాలు పెట్టండి, ఊహించి నింపకండి.

ప్రతులు మూడు ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో. నాది మిర్యాలగూడలో మా మేనల్లుడి బీరువాలో ఉంటుంది. నా హార్డ్ డిస్క్ టేబుల్ మీంచి పడిన రోజున వాడి బీరువాకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఫొటో ఇచ్చినంత మాత్రాన హక్కు మనకు రాదు, సాధారణంగా అది తీసినవారిదే. ఎక్కడ పెడతామో, ఇతరులు వాడుకోవచ్చో లేదో తెలుగులో అరపేజీ రాసి సంతకం తీసుకోండి. ఇంజను ముఖం మీద అడ్డంగా మన పేరు ముద్రించడం నాకు గిట్టదు. తీసినవారి పేరు కింద రాస్తే చాలు.

సాయానికి వచ్చే కుర్రాళ్లతో ఒకే విషయంలో కఠినంగా ఉంటాను. పట్టాల మీద నిలబడి తీసిన ఫొటో ఎంత గొప్పదైనా తీసుకోను. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. ఒకసారి తీసుకుంటే మరుసటి ఆదివారం ఇంకొకడు ఇంకాస్త ముందుకు నిలబడతాడు. ప్లాట్‌ఫారం ఉంది, గేటు అవతల రోడ్డుంది, అక్కడినుంచి తీయమనండి. ఇంకో మాట, వివరాలు రాసినవారే అప్‌లోడ్ చేయకూడదు, రెండో మనిషి చదివాకే ఎక్కాలి.

ఊరు తెలియని ఫొటోలను దాచకుండా "తెలియనివి" అనే విభాగంలో అందరికీ కనిపించేలా పెట్టండి, అచ్చువేసి చేతిలోనూ ఉంచుకోండి. గద్వాల డబ్బాలోని ఒక ఫొటోను దేవరకద్ర స్టేషన్ బయట టీ కొట్టాయనకు చూపిస్తే, ఇంజనును చూడనేలేదు. వెనుకనున్న చింతచెట్టును చూసి, "ఇది కౌకుంట్ల" అన్నారు. తర్వాత ఆ ఊరివారు మరో ఇద్దరు అదే చెట్టని చెప్పాకే పేరు రాశాను. పన్నెండు పదకొండయ్యాయి. వచ్చే ఆదివారం వాటిని పట్టుకుని వనపర్తి రోడ్ స్టేషన్‌కు వెళ్తున్నాను.