స్లిప్‌ఫామ్ మెషిన్‌తో కర్బ్ వేస్తున్నారా? ముందు దారం చూసుకోండి

రోడ్డు పక్కన కర్బ్ (అంచు గట్టు), డ్రెయిన్, మధ్యలో డివైడర్ గోడ లాంటివి షట్టరింగ్ లేకుండా పోసుకుంటూ పోయేదే స్లిప్‌ఫామ్ పేవర్. అందరూ మెషిన్ చుట్టూ మూగుతారు గానీ, నన్నడిగితే సగం పని అది స్టార్ట్ అవ్వకముందే అయిపోవాలి.

బేస్ కర్బ్ కిందే కాదు, మెషిన్ ట్రాక్ (చక్రాల బదులు ఉండే చైను పట్టా) నడిచే మేరంతా గట్టిగా రోలింగ్ చేయించండి, ట్రాక్ దిగబడితే సెన్సర్ సరిచేసుకునేలోపే కర్బ్ మీద అల పడిపోద్ది. మెషిన్‌కి దారి చూపడానికి పక్కన పిన్నులు కొట్టి కట్టే దారానికి, నేరుగా ఉన్నచోట 7, 8 మీటర్లకో పిన్ను చాలు, వంపులో మాత్రం బాగా దగ్గరగా కొట్టాలి, లేదంటే వంపు ముక్కలు ముక్కలుగా కనిపిస్తది. బిగించాక ఒక కన్ను మూసి చివర్నుంచి చూడండి, ఎక్కడ వంకరుందో తెలిసిపోద్ది. మెషిన్ స్టీరింగూ ఎత్తూ రెండూ ఆ దారాన్ని చూసే తీసుకుంటది, దాన్ని ఎవరూ తగలకూడదు, కానీ పిన్నుకి ఆనుకుని ఫోన్ మాట్లాడేవాడు ప్రతి సైట్లో ఒకడుంటాడు.

ఇక కాంక్రీట్. మౌల్డ్ (కర్బ్‌కి ఆకారమిచ్చే అచ్చు) దాటిన క్షణం నుంచి దానికి ఏ ఆసరా ఉండదు, అందుకే స్లంప్ (కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) 25 నుంచి 40 మి.మీ. దగ్గర ఉంచుతారు. గుప్పెడు తీసి పిసకండి, ఉండలా నిలబడాలి, చెయ్యి తడవాలి, వేళ్ల సందుల్లోంచి సిమెంట్ పాలు కారితే మాత్రం అంచు జారిపోద్ది. మరీ పొడిగా ఉంటే పైన చిరుగులొస్తాయి, అప్పుడు కర్బ్ మీద నీళ్లు చల్లి రుద్దకండి, వెనకొచ్చే ట్రక్కులోనే సరిచేయించండి.

హాపర్ (మెషిన్‌లో కాంక్రీట్ పడే తొట్టి) ఎప్పుడూ ఖాళీ అవ్వనివ్వొద్దు. ట్రక్కులు లేటైతే ఆగి ఆగి పరిగెత్తేకంటే స్పీడ్ తగ్గించి నడపడమే నయం, ఆగిన ప్రతిచోటా గుర్తు పడుద్ది. తప్పక ఆపాల్సొస్తే కాంక్రీట్‌ని కుదిపి సర్దే వైబ్రేటర్లు కూడా వెంటనే ఆపేయండి, లేకపోతే మౌల్డ్ వెనకాల కాంక్రీట్ పొట్టలా ఉబ్బుద్ది. మొదటి రెండు మూడు మీటర్లు వచ్చాక దారం నుంచి టేపు పెట్టి కొలిచి, తేడా ఉంటే అక్కడే సరిచేసుకుని ముందుకెళ్లండి.

ఫినిషింగ్ పెద్దగా ఉండదు, చిన్న చిల్లులు పూడ్చి ఒక బ్రష్ లాగితే చాలు. పైన తడి మెరుపు పోగానే క్యూరింగ్ కాంపౌండ్ (లోపలి తడి ఆరిపోకుండా కాపాడే పూత) కొట్టాలి. జాయింట్లు (పగులు అక్కడే రావాలని కోసే గాట్లు) సుమారు 3 మీటర్లకొకటి, కట్టర్ పెడితే అంచు రాలని స్థితికి వచ్చిన వెంటనే కోసేయాలి, రేపు చూద్దాంలే అనుకుంటే కాంక్రీటే తనకి నచ్చినచోట పగులుద్ది. మౌల్డ్, వైబ్రేటర్లు మాత్రం ఆఖరి ట్రక్కు అవ్వగానే కడిగించండి, గట్టిపడ్డాక సుత్తితో కొడితే మౌల్డ్ అంచు సొట్టపడి తర్వాత వేసే కర్బంతా గీత పడుతూనే ఉంటది.