దోసావకాయకు పెరటి దోస – మూడో పాఠం: పూత నుంచి కోత దాకా

సంక్రాంతి వెళ్లాక గింజ పెట్టిన పాదుల్లో ఈపాటికి తీగ సాగి పూత మొదలై ఉంటుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు వంశధార పల్లపు నేలల్లో ముందుగా పూస్తుంది. రాయగడ, కొరాపుట్ ఎగువ ఊళ్లలో చలి ఆలస్యంగా విడుస్తుంది కాబట్టి అక్కడ కాస్త వెనకబడుతుంది.

మొదటి వారం పూలన్నీ రాలిపోతుంటే కంగారు పడొద్దు. అవి మగపూలు, రాలేవే. ఆడపువ్వు తరవాత వస్తుంది, అదీ ఎక్కువగా పక్కకొమ్మల మీద. రేకుల కింద చిన్న పిందె కనిపిస్తే అది ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగది. ఆడపువ్వు విచ్చినా రెండు మూడు రోజుల్లో పిందె పసుపుపచ్చగా మారి ముడుచుకుంటే పుప్పొడి అందలేదన్నమాట. అప్పుడు మన చెయ్యి పెట్టాలి. పొద్దున్న తొమ్మిది లోపు, అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తీసేసి, నడిమి పుప్పొడిని ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. ఎండ ముదిరాక చేస్తే ఫలితం తక్కువ. ఏ మందు కొట్టినా సాయంత్రమే కొట్టాలి, లేదంటే తేనెటీగలు చస్తాయి.

ఆకు ఏపుగా ఉండి కాయ లేకపోతే యూరియా ఎక్కువైందని అర్థం. ఇప్పుడు పాదుకు రెండు గుప్పెళ్ల మాగిన గత్తం (పశువుల ఎరువు), ఒక గుప్పెడు వేపపిండి చాలు. మొదలుకు జానెడు దూరంలో వేసి మట్టి కప్పండి.

నీటి దగ్గరే చాలామంది కాయను పాడుచేసుకుంటారు. నాలుగు రోజులు ఎండగట్టి, ఐదో రోజు మడి నింపితే కాయ పగులుతుంది. మాటిమాటికీ నీటి ఎద్దడి తగిలితే చేదు పెరుగుతుంది. ఇసుక నేలకు రోజు విడిచి రోజు, ఎర్రనేలకు మూడు రోజులకోసారి, పాదుకు ఐదారు లీటర్లు చొప్పున మొదలు దగ్గరే పోయండి, ఆకులు తడపొద్దు. వరిగడ్డి నాలుగు వేళ్ల మందాన పరిస్తే తడి నిలుస్తుంది, కాయ మట్టికి తగలక కుళ్లకుండా ఉంటుంది.

ఇక పండు ఈగ. లేతపిందెకు సూదిమొనంత చిల్లు, దాని మీద బంకబొట్టు కనిపిస్తే ఈగ లోపల గుడ్లు పెట్టిందని గుర్తు. ఆ పిందె వంకర తిరిగి కుళ్లుతుంది. దాన్ని పెంటకుప్ప మీద వేస్తే పురుగును మనమే పెంచినట్టు. కోసి రెండడుగుల లోతున పూడ్చాలి. పాదు చుట్టూ మట్టిని పైపైన గుల్ల చేస్తే నేలలోని ఈగ కోశాలు (ప్యూపాలు) ఎండకు చస్తాయి. ఈగలను పట్టే ఎరబుట్ట కొనేటప్పుడు క్యూలూర్ అనే ఎర ఉన్నది అడగండి. మామిడి తోటకు ఇచ్చే మిథైల్ యూజినాల్ ఎర ఈ ఈగకు పనిచేయదు. క్యూలూర్ కూడా మగ ఈగలనే లాగుతుంది కాబట్టి అదొక్కటే చాలదు. నాలుగైదు పాదులే ఉన్న పెరట్లో నిలిచిన ప్రతి పిందెకూ పలుచని గుడ్డసంచి కట్టడమే అన్నిటికన్నా నమ్మకం.

ఆకుల మీద తెల్లని బూడిద తెగులు పడితే గంధకం చల్లొద్దు, దోసజాతి ఆకులు మాడిపోతాయి. అడుగు ఆకులు తీసేసి, ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఆకుకు రెండు వైపులా వారానికోసారి కొట్టండి.

కోత సంగతి. కూరకైతే పచ్చికాయ కోసినా ఫర్వాలేదు. ఆవకాయకు మాత్రం పచ్చచారలు వెలిసిపోయి పసుపు తిరగాలి, కాయ రాయిలా ఉండాలి. బొటనవేలితో నొక్కితే లొంగినా, పండు వాసన కొట్టినా వదిలేయండి. ఆ ముక్క మూడో రోజుకే మెత్తబడి ఊట నీరు చేస్తుంది. మంచు ఆరాక, అంగుళం తొడిమ ఉంచి కత్తితో కోయండి. లాగితే తీగ చీలుతుంది.

ప్రతి కాయనూ తొడిమ వైపు కొంచెం కోసి నాలుకకు తగిలించాలి. చేదు అక్కడే ముందు తెలుస్తుంది. ఒక్క చేదుకాయ జాడీ మొత్తాన్ని చెడగొడుతుంది. వరసగా చేదుకాయలు ఇచ్చే తీగ నుంచి గింజ దాచొద్దు. ఇదే పాఠం వానకారుకూ వర్తిస్తుంది, కాకపోతే జూన్ నడుమ వచ్చే ఒడియా రొజొ పండగ వేళ పెట్టే పాదులకు పందిరి తప్పనిసరి.

వచ్చే పాఠానికి గట్టికాయలు రెండు కిలోలు సిద్ధం చేసుకోండి. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. అప్పటిదాకా ముక్కలు కోయొద్దు.