స్పీచ్ థెరపీ పాఠాలు – 5: మాట అందించే వరుస

పోయిన పాఠంలో అఫేజియా (మెదడు దెబ్బతిని మాట్లాడటం, మాటలు అర్థం చేసుకోవడం కష్టమవడం) రకాలు చూశాం. బ్రోకా రకంలో మనిషికి మన మాటలు చాలావరకు అర్థమవుతాయి. తను చెప్పదలచుకున్నదేమిటో కూడా తెలుసు. పేరే నోటికి రాదు. ఆ పేరును ఆయన చేతే ఎలా చెప్పించాలో ఈసారి చూద్దాం.

ఎదురుగా పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఒక రైతు ఉన్నారనుకోండి. నూనె సీసా బొమ్మ చూపించి "ఇదేంటండీ?" అని అడిగారు. అడిగాక మొదట చేయాల్సింది ఊరుకోవడం. మనసులో పది లెక్కపెట్టండి. కొత్తవాళ్లకు అన్నిటికన్నా కష్టం ఇదే. పక్కన కూర్చున్న భార్య "నూనె అనండి" అనేస్తుంది. "మీరు అందించకండమ్మా, కాసేపు చూద్దాం" అని ఆవిడకు ముందే చెప్పి ఉంచాలి.

రాలేదా, అర్థం వైపు నుంచి అందించండి. "వంటింట్లో ఉంటుంది" అనడం కంటే "వేరుశనగలు గానుగాడిస్తే వస్తుంది" అంటే ఆ రైతుకు త్వరగా తగలొచ్చు. ఆధారం ఆయన బతుకులోంచి తీయండి.

తర్వాతిది వాక్యాన్ని సగంలో ఆపడం. ఇంగ్లీషు పుస్తకాల్లోని పద్ధతి ఇక్కడే మనకు అడ్డం తిరుగుతుంది. ఆ భాషలో వస్తువు పేరును వాక్యం చివరికి తేవడం తేలిక, ఖాళీ అక్కడ వదిలితే చాలు. మన వాక్యం చివర క్రియ ఉంటుంది. "తలకి నూనె..." అని ఆపితే "రాసుకుంటాం" అని వస్తుంది. అడగాల్సిన మాట మనమే చెప్పేశాం! అందుకని వాక్యాన్ని తిప్పి కట్టండి: "తలకి రాసుకునేది...", "దోసె పోసేముందు పెనం మీద వేసేది...". జంటమాటలు ఇంకా తేలిక: "ఉప్పూ..." అంటే "కారం", "చెట్టూ..." అంటే "చేమా". అయితే ఇవి నోటి అలవాటుతో జారిపడే మాటలు. ఇంటివాళ్లు చూసి మాట వచ్చేసిందని సంబరపడతారు. బొమ్మ చూసి పేరు చెప్పడంతో సమానంగా మీరు మాత్రం లెక్కవేయకండి.

అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం అందించండి. ఒట్టి "న్" కాదు, "నూ..." అని గుణింతంతో సహా. ప, బ, మలతో మొదలయ్యే మాటలకు మీ పెదాలు చూపించండి. క, గలు నోటి లోపల పుడతాయి కాబట్టి చూడటానికి ఏమీ కనబడదు. చదువుకున్నవారికైతే అక్షరం రాసి చూపించొచ్చు.

ఆఖరున "నూనె" అని మీరే చెప్పి, ఆయనతో అనిపించండి. అక్కడితో వదిలేయకుండా రెండు మూడు బొమ్మల తర్వాత ఏ ఆధారమూ ఇవ్వకుండా మళ్లీ అడగండి.

నూనెను "నెయ్యి" అన్నారా? "కాదు" అని తుంచేయకండి, దగ్గరికొచ్చారు. "దాని పక్కనుండేదే, ఇంకోటి" అనండి. నూనె అన్నాక ప్రతి బొమ్మకీ "నూనె" అంటుంటే మాత్రం బొమ్మలు పక్కనబెట్టి, కాసిని మంచినీళ్లిచ్చి (మింగడంలో ఇబ్బంది లేదని పరీక్షించి ఉంటేనే) కాసేపు ఆగండి. ఇలాంటప్పుడు గద్దించడం, అదే ప్రశ్న గట్టిగా అడగడం ఎందుకూ పనికిరావు. ఆయన వినికిడి బాగానే ఉంది.

ప్రతి బొమ్మ పక్కన ఏ మెట్టు మీద మాట వచ్చిందో అంకె వేయండి. తానుగా వస్తే 0, అర్థంతో 1, వాక్యంతో 2, అక్షరంతో 3, వెంట పలికితే 4. అంకెలు వారం వారం తగ్గుతున్నాయో లేదో చూసుకోండి.

అభ్యాసం: కంచం, గొడుగు, పలక, మంచం, తాళం. ఒక్కోదానికి రెండు అర్థపు ఆధారాలు, "-ఏది"తో ఒక వాక్యం రాయండి. వచ్చే పాఠంలో క్రియలు.