మీ కథనాన్ని చిన్న పత్రిక కాపీ కొట్టిందా? ఫిర్యాదు చేయడం ఎలా?

పత్రిక జిల్లా డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. ‘మా కథనం కాపీ కొట్టారు’ అంటూ వచ్చి, రుజువు చూపలేక వెనుదిరిగినవాళ్లను ఎందరినో చూశాను. న్యాయం తమవైపు ఉండి కూడా ఓడిపోయేవారు.

రెండు పత్రికల అసలు ప్రతులు తెచ్చుకోండి. తేదీతో సహా పూర్తి పేజీ ఉండాలి. ఒక ఎర్ర పెన్ను, ఒక నీలం పెన్ను. పోల్చడం కాగితం మీదే, ఫోన్లో కాదు.

అసలు మెలిక ఇక్కడుంది. ఒకేలా ఉన్నంత మాత్రాన కాపీ కాదు. సమాచార శాఖ ప్రెస్ నోట్ పంపితే పది పత్రికల్లో అవే వాక్యాలు వస్తాయి. మండల విలేకరులు వాట్సాప్ గ్రూపులో వార్తలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ నోట్ తెప్పించుకుని చూడకుండా ఎవరినీ దొంగ అనకండి. చిన్న పత్రికంటే నలుగురైదుగురి బతుకు. ఒక్క నింద చాలు, ప్రకటనలు ఆగిపోతాయి.

నోట్‌లో ఉన్న వాక్యాలన్నీ నీలంతో కొట్టేయండి. ఎర్ర గీత మిగిలినవాటికే. జరిగిన సంగతి, తేదీ, అంకెలు ఎవరి సొత్తూ కావు. 1957 నాటి కాపీరైట్ చట్టం కాపాడేది మీరు రాసిన తీరును. కాబట్టి మీరు వాడిన పోలికలు, పేరాల వరస వాళ్ల కథనంలో వెతకండి. అన్నిటికంటే ముందు మీ కథనంలో దొర్లిన తప్పు వాళ్లదాంట్లోనూ ఉందేమో వెతకండి. ఒకసారి ఎండిన చెరువు మీద నేను రాసిన కథనంలో 142 ఎకరాల ఆయకట్టు పొరపాటున 124గా పడింది. మూడు రోజులకు మరో పత్రికలోనూ 124 అనే వచ్చింది. ‘చెరువు నిండితేనే మా గాదె నిండేది’ అని ఒక రైతు గట్టు మీద కూర్చుని నాతో అన్న మాట కూడా అందులో ఉంది, రైతు పేరు మాత్రం వేరే.

ఇలాంటిది దొరకగానే ఫేస్‌బుక్‌లో పెట్టేస్తారు. అది తప్పు పద్ధతి. అవతలివాళ్లు ఈ-పేపర్ పేజీ తీసేస్తారు, పరువు నష్టం నోటీసు మీకొస్తుంది. ముందు ఆ పత్రిక ఎడిటర్‌కు ఉత్తరం రాయాలి, అంతే. చిరునామా ఇంప్రింట్ లైన్‌లో, అంటే ప్రచురణకర్త, ఎడిటర్ పేర్లు అచ్చేసే చోట ఉంటుంది. ఒక్క పేజీ దాటకూడదు. సవరణ కావాలా, పారితోషికం కావాలా తేల్చి అడగండి. స్పీడ్ పోస్ట్ రసీదు దాచుకోండి.

జవాబు రాకపోతే పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు రాయండి. దినపత్రిక, వారపత్రికల మీదైతే అచ్చయిన రెండు నెలల్లోపు, మిగతావాటి మీద నాలుగు నెలల్లోపు. ఎడిటర్‌కు రాసిన ఉత్తరం నకలు, క్లిప్పింగ్, దాని ఇంగ్లిష్ అనువాదం, కోర్టులో కేసు లేదన్న డిక్లరేషన్ జతచేయాలి. కౌన్సిల్ మందలిస్తుంది, జరిమానా వేయదు. పరిహారం కావాలంటే జిల్లా కోర్టుకే వెళ్లాలి.

నా చెరువు కథనానికి అంతదూరం వెళ్లాల్సిన పని పడలేదు. ఉత్తరం అందిన వారానికి ఆ ఎడిటర్ రెండో పేజీలో నాలుగు లైన్ల సవరణ వేశారు. నా పేరు రాశారు, అంకె 142 అని సరిదిద్దారు.