గాయక బృందానికి కండక్టర్‌గా, స్వరకర్తగా ఎదగాలంటే ఎలా?

వేదిక మీద కండక్టర్ చేతులు ఊపడం చూసి అదే ఆయన పని అనుకుంటాం. నిజానికి కచేరీ రోజుకి ఆ పనిలో చాలా భాగం అయిపోయి ఉంటుంది. అసలు కష్టమంతా రిహార్సల్ గదిలోనే. బృందగానానికి సంగీతం రాయడం కూడా అక్కడే వంటబడుతుంది. ఈ రెండు పనులూ తరచూ ఒకే మనిషి చేయడానికి కారణం అదే.

1. ముందుగా బృందంలో నిలబడి పాడండి

ఏదైనా క్వయర్‌లో (గాయక బృందంలో) చేరి కొన్నేళ్లు పాడండి. గొప్ప గొంతు అక్కర్లేదు, శ్రుతి తప్పకుండా ఉంటే చాలు. క్వయర్ పాటలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి: పై నుంచి కిందికి సోప్రానో, ఆల్టో (ఆడవాళ్ల గొంతులు), టెనార్, బాస్ (మగవాళ్ల గొంతులు). మీ గొంతు ఒప్పుకుంటే ఆల్టో, టెనార్ లాంటి మధ్య భాగాలు ఎంచుకోండి. ప్రధాన బాణీ ఎక్కువగా సోప్రానోలకే దక్కుతుంది కాబట్టి, మధ్యలో ఉన్నవాళ్లు పైనా కిందా ఏం జరుగుతోందో వినక తప్పదు. ఆ వినికిడే రేపు మీకు పెట్టుబడి.

ఆలస్యమైపోయిందని టెన్షన్ పడకండి. అమెరికన్ స్వరకర్త, కండక్టర్ ఎరిక్ విటాకర్‌కి కాలేజీలో చేరేనాటికి నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం రాదు. అక్కడి క్వయర్‌లో మోట్సార్ట్ రాసిన రిక్వియమ్ (మృతుల కోసం పాడే ప్రార్థనా సంగీతం) పాడాకే ఆయన ఈ దారి పట్టారు. తర్వాత న్యూయార్క్‌లోని జూలియార్డ్ కళాశాలలో మాస్టర్స్ చేశారు.

2. చెవికీ వేళ్లకీ రోజూ పని పెట్టండి

స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూసి, వాద్యం సాయం లేకుండా పాడగలగాలి. పియానో మీద కచేరీ చేసే స్థాయి అక్కర్లేదు కానీ, రెండు భాగాలు వాయిస్తూ మూడోది పాడగలిగితే బృందం ముందు తడబడరు. 440 హెర్ట్జ్‌లో మోగే ట్యూనింగ్ ఫోర్క్ (శ్రుతి చూసుకునే లోహపు కడ్డీ) ఒకటి జేబులో ఉంచుకోండి. ఆ ఒక్క ‘ఏ’ (ఇంగ్లీషు A) స్వరం విని నాలుగు భాగాలకీ మొదటి స్వరం అందివ్వడం సాధన చేయండి.

3. చేతులు

తాళం వేసే ఆకృతులు కొద్ది వారాల్లో వచ్చేస్తాయి. కష్టమైనది పాట మొదలయ్యే ముందు ఇచ్చే సైగ. ఎంత వేగం, ఎంత బలం, ఎప్పుడు ఊపిరి అన్నీ అందులోనే తెలియాలి. మీరూ వాళ్లతో కలిసి గాలి పీల్చండి. ఎడమ చెయ్యి కుడిచేతికి అద్దంలా ఊగుతూ ఉంటే దాన్ని కాసేపు కిందికి దించేయండి. అవసరమైనప్పుడే లేపితే గాయకులు చూస్తారు.

4. రిహార్సల్ నడపడం

ఇక్కడే మీ పేరు నిలబడేది, పోయేది. ముందు ఇంట్లో కూర్చుని నాలుగు భాగాలూ మీరే పాడి చూసుకోండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఎక్కడ తప్పుతారో ముందే ఊహించండి. టెనార్లకి పెద్ద గెంతు ఉందా? ఆ రెండు స్వరాలనే సన్నాహక అభ్యాసంలో ఆడిస్తే పాటలోకి వచ్చేసరికి భయం పోతుంది.

మధ్యలో ఆపితే ఎందుకు ఆపారో ఒక్క వాక్యంలో చెప్పండి. ‘మళ్లీ పాడండి’ అని ఊరకే అంటే అదే తప్పు ఇంకొంచెం గట్టిపడుతుంది. లయ చెదిరితే మాటలు పక్కనపెట్టి అంకెలు పాడించండి. అమెరికాలో కండక్టర్ రాబర్ట్ షా ఈ పద్ధతికి పేరుపడ్డారు. 1948లో సొంత గాయక బృందం పెట్టి, 1967 నుంచి 1988 వరకు అట్లాంటా సింఫనీ ఆర్కెస్ట్రాకి సంగీత దర్శకుడిగా ఉన్న ఆయన, సాహిత్యం జోడించే ముందు అందరి చేతా ‘వన్, టూ, టీ’ (‘త్రీ’కి బదులు ‘టీ’) అంటూ తాళం లెక్కలు పాడించేవారు. చూడ్డానికి బడిపిల్లల పనిలా ఉంటుంది, కానీ లయ బిగుసుకుంటుంది.

ఉచ్చారణ దగ్గర ఒక కిటుకు ఉంది. హల్లు తాళానికి కాస్త ముందే పడాలి, అచ్చు సరిగ్గా తాళం మీద పడాలి. అందరూ హల్లును తాళం మీద పలికితే పాట మొత్తం ఈడ్చినట్టు ఉంటుంది. అచ్చుల ఆకారం కూడా ఒకేలా ఉండాలి. శ్రుతి కుదరలేదని మనం అనుకునేది చాలాసార్లు ఒక్కొక్కరూ ఒక్కోలా పలికిన ‘ఏ’కారమే.

శ్రుతి మెల్లగా దిగిపోతుంటే ‘పైకి, పైకి’ అని అరిచి లాభం లేదు. కారణం అలసట కావచ్చు, ఊపిరి చాలకపోవడం కావచ్చు, ఒకే స్వరాన్ని పదే పదే పాడటం కావచ్చు. పాటను అర మెట్టు పైకి మార్చి చూడండి, లేదా మనుషుల్ని చోటు మార్చి నిలబెట్టండి. ఒక్కోసారి అంతే చాలు. ఇంకొకటి: మీరు వాళ్లతో కలిసి పాడకండి. నోరు తెరిస్తే చెవి సగం మూతపడుతుంది.

5. ఎదురుగా ఉన్న గొంతులకే రాయండి

మీరు నడిపే బృందానికే మొదటి రచనలు రాయండి. ఔత్సాహిక గాయకులైతే సోప్రానోలను మిడిల్ సి (పియానో మధ్యలో ఉండే సి స్వరం) నుంచి దాని పైన వచ్చే రెండో ‘జి’ దాకా, బాస్‌లను మిడిల్ సి కింద వచ్చే రెండో ‘జి’ నుంచి మిడిల్ సి దాకా ఉంచితే క్షేమం. పై అంచుల్లో ఎక్కువసేపు నిలబెట్టకండి. ఎత్తైన స్వరం మీద ‘ఈ’ కన్నా ‘ఆ’ తేలిగ్గా పలుకుతుంది. కాబట్టి ఏ అక్షరం ఏ స్వరం మీద పడుతోందో చూసుకోండి. రాసిన ప్రతి వరుసనూ మీరే నిలబడి పాడండి. పియానో మీద బాగున్నదంతా గొంతులో బాగుండదు.

సాహిత్యం ఎవరిదో, హక్కులు ఎవరివో రాయకముందే తేల్చుకోండి. విటాకర్ అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత ఒకదానికి స్వరాలు కట్టాక, హక్కుదారులు అనుమతి ఇవ్వలేదు. చివరికి చార్ల్స్ ఆంథొనీ సిల్వెస్ట్రి అదే సంగీతానికి సరిపోయేలా కొత్త సాహిత్యం రాశారు, అదే ‘స్లీప్’ అయింది. అందరికీ అలాంటి కవి మిత్రుడు దొరకడు.

6. బతుకుతెరువు

కేవలం రచనల మీద బతికేవాళ్లు తక్కువ. బడి, కాలేజీ, చర్చి, పట్టణంలోని ఔత్సాహిక బృందం ఇలా రెండు మూడు చోట్ల పనిచేస్తూ, మధ్యలో కమిషన్లు (ఎవరైనా డబ్బిచ్చి రాయించుకునే రచనలు) రాస్తారు. కమిషన్ ఒప్పుకుంటే నిడివి, భాగాల సంఖ్య, గడువు, పారితోషికం, మొదటి ప్రదర్శన హక్కు కాగితం మీద ఉండాలి. స్నేహితుల బృందమైనా సరే.

మాస్టర్స్ కోర్సుకైనా ఉద్యోగానికైనా దరఖాస్తు చేసేటప్పుడు చాలాచోట్ల వీడియో అడుగుతారు. కచేరీతో పాటు రిహార్సల్ కూడా పెట్టండి, కెమెరాను బృందం వైపు నుంచి, మీ ముఖం కనిపించేలా. రచనల విషయంలో మొదటి ప్రదర్శన అవగానే గాయకుల ప్రతులు వెనక్కి తీసుకుని చూడండి. నలుగురు ఒకే చోట పెన్సిల్‌తో ఊపిరి గుర్తు పెట్టుకుంటే అక్కడ మీరు విరామం ఇవ్వలేదన్నమాట. ఆ చోటు సవరించాకే ప్రచురణకర్తకు పంపండి.